ఒకటి దగ్గర ఆగిన లెక్క

ఆదివారం మధ్యాహ్నం. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీల్లేని కంప్యూటర్ గది. ఫ్యాన్ల హోరు, వేడెక్కిన వైర్ల వాసన. నర్సులు సర్వరమ్మ అని పిలిచే కంప్యూటర్ ఇంజనీరు తొమ్మిది రోజులుగా అక్కడే తల బద్దలు కొట్టుకుంటోంది. పై అంతస్తు ఐసీయూలో, తల్లి పోయాక తనను పెంచిన పిన్ని, అవే తొమ్మిది రోజులుగా కళ్ళు తెరవడం లేదు.

వార్డుల్లోని కంప్యూటర్లన్నీ రోగుల ఫైళ్ళను ఇక్కడి సర్వర్ నుంచే తీసుకుంటాయి. ఒక ఫైలును ఎంతమంది పట్టుకున్నారో సర్వర్ లెక్కపెడుతుంది. ఎవరైనా తెరిస్తే ఒకటి కలుపుతుంది, మూస్తే ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే దాన్ని మెమరీలోంచి వదిలేస్తుంది. పసిపిల్లల లెక్క! కానీ 417 నంబరు ఫైలు ఒకటి దగ్గరే మొండికేసింది. దాని దెబ్బకు సర్వర్ రోజుకు రెండుసార్లు కూలబడుతోంది. కూలబడినప్పుడల్లా మందుల వివరాలు కనపడవు. నిన్న పిన్నికి ఇవ్వాల్సిన మందు అరగంట ఆలస్యమైంది. ఇంకోసారి అలా జరిగితే?

వార్డుల కంప్యూటర్లన్నిటినీ సర్వర్ నుంచి విడదీసి చూద్దామనుకుంది. గంటసేపు కాగితాల మీద రాసుకుంటామని వార్డులన్నీ ఒప్పుకున్నాయి.

"కేబుళ్ళన్నీ పీకేశాను మేడమ్, ఒక్కటీ మిగల్లేదు," అని ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు.

తెర మీద 417. లెక్క, ఒకటి.

"మరి దీన్ని పట్టుకున్నదెవరండీ, నా మొహం!"

సర్వర్ ఆపి లేపింది. ఎవరూ తెరవకుండానే మళ్ళీ ఒకటి. కోడంతా ఇంకోసారి చదివింది. పట్టుకున్న ప్రతిచోటా వదలడమూ ఉంది. ఏడుపొచ్చింది. కుర్చీని ఒక్క తన్ను తన్నింది. చివరికి, కొత్తవాళ్ళు చేస్తే తానే చీవాట్లు పెట్టే పని చేసింది. ఎవరు పట్టుకున్నారో తేల్చకుండా, బలవంతంగా ఒకసారి వదిలించే లైను రాసింది.

ఎంటర్ నొక్కింది.

ఒకటి...

ఒకటి...

ఫ్యాన్ల హోరు తగ్గింది. చెవి పక్కనే ఎవరో గట్టిగా ఊపిరి బిగబట్టినట్టు...

సున్నా.

ఆ ఊపిరి వదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

ఫోన్ మోగింది. ఐసీయూ నర్సు, గుసగుసగా.

"సర్వరమ్మా... మీ పిన్నిగారు కళ్ళు తెరిచారు. 'చెయ్యి ఎందుకు వదిలేశారు?' అని అడిగారు. పక్కన ఎవరూ లేరమ్మా... అంతే. పోయారు."

"సిస్టర్... పిన్ని ఫైలు నంబరెంత?"

"నాలుగు వందల పదిహేడు."

తొమ్మిది రోజులు ఆ నంబరును నోరారా తిట్టింది. ఒక్కసారైనా తెరిచి పేరు చూడలేదు. ఆ లైను చెరిపేసి సర్వర్ మళ్ళీ లేపింది. పిన్నీ, వచ్చెయ్ పిన్నీ, అని ఏడుస్తూనే ఉంది.

417 సున్నా దగ్గరే ఉంది.

దాని కింద కొత్త ఫైలు. పేరు తనదే. ఈ ఆసుపత్రిలో ఆమె ఏనాడూ రోగిగా చేరలేదు. కేబుళ్ళింకా పీకేసే ఉన్నాయి.

లెక్క, ఒకటి.

లేచి పరుగెత్తబోయింది. ఎడమ చెయ్యి బల్ల మీంచి రాలేదు.