పదిహేడు ఫోటోల రైస్ బౌల్

నా పులిహోరని మొహం మీదే వద్దన్న మనిషిని ఐర్లాండ్ మొత్తంలో ఒక్కర్తినే చూశాను. ఆవిడ పేరు మైథిలి.

ఉగాదికి బాలింకాలిగ్ కమ్యూనిటీ హాల్లో మా తెలుగువాళ్ళందరం చేరాం. తలా ఒక వంటకం తేవాలి. నేను పొద్దున్నే లేచి పెద్ద గిన్నెడు పులిహోర కలిపి, దాని వెనకే గరిటె పట్టుకుని నిలబడ్డాను. వచ్చినవాళ్ళందరూ పెట్టించుకున్నారు. ఇద్దరు మళ్ళీ వచ్చారు. నా మొహం వెలిగిపోతోంది.

అప్పుడొచ్చింది. ఆకుపచ్చ చుడీదార్, మెడలో ఇంకా తియ్యని హాస్పిటల్ బ్యాడ్జి. గిన్నెలోకి చూసింది, గరిటె వైపు చూసింది, పక్కనున్న రవ్వకేసరి వైపు చూసింది.

"కేసరి కూడ ఇదే గరిటెతోని పెట్టిండ్రా?"

"ఒకసారి పెట్టానండి. ప్రభావతి ఆంటీ గరిటె తేవడం మర్చిపోయారు."

"అయితే వద్దు. థాంక్స్."

"ఇది పులిహోరండి. కేసరి కాదు."

"తెల్సు," అని వెళ్ళిపోయింది.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి తినడం మొదలుపెట్టింది. హాలంతా నన్నే చూస్తున్నట్టనిపించి ఒళ్ళు మండిపోయింది. ప్రభావతి ఆంటీ నా భుజం తట్టారు.

"పట్టించుకోకు త్రినాథ్. ఆ పిల్లకేదో గ్లూటెన్ గొడవట. కొంచెం తింటే ఏం కాదమ్మా అని నేనూ చెప్పి చూశాను. వినదు."

నేను ఊరుకునే రకమైతే ఈ కథే లేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఏటండి, నా వంట అంత భయంకరంగా కనబడుతోందా?"

ఆవిడ చెంచా డబ్బాలో పెట్టి, ఇది వందోసారి చెప్పడం అన్నంత ఓపిగ్గా చెప్పింది. సీలియాక్ అట. గోధుమ, బార్లీ ఏ రూపంలో పేగుల్లోకి వెళ్ళినా లోపలి పొర దెబ్బతింటుంది. గోటి మీద నిలిచేంత పిండి చాలు. గరిటెకి అంటిన కేసరి చాలు.

"పోయిన దసరాకు ముందటి దసరాకు ఒక ఆంటీ వాళ్ళింట్ల ఏం కాదు తిను తిను అన్నరు. తిన్న. నాలుగు రోజులు లేవలే. అండ్ల ఒక రోజు నా ఎగ్జామ్. రాయలేదు."

"తర్వాత?"

"తర్వాతేంది. ఎవరింట్ల తినుడు బంద్. పెళ్ళికి పోతే డబ్బా, బర్త్‌డేకి పోతే డబ్బా. ఇట్ల ఏడాదిన్నర అయింది."

నవ్వుతూనే చెప్పింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా కోపం ఎటు పోయిందో పోయింది. డబ్బాలో చల్లారిపోయిన అన్నం, పెరుగు, రెండు క్యారెట్ ముక్కలు. చుట్టూ నలభై రకాల వంటలు.

"మా ఇంటికి రండి. మీరు తినగలిగేదే వండుతాను," అన్నాను.

"వద్దులెండి. మీకు విసుగొస్తది."

"నాకు విసుగు రాదండి."

నా జీవితంలో అంతకంటే పెద్ద అబద్ధం ఆడలేదు.

ఆ తర్వాత రెండు నెలలు పార్కులో కలిశాం, 220 బస్సులో కలిశాం, ఒక్క గొడుగు కింద ఇద్దరం తడిశాం. ఆవిడది వరంగల్, కార్క్‌లో ఒక హాస్పిటల్లో పని. నాది విజయనగరం, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆవిడ నవ్వితే నాకు ఆ పూట పని సాగదు. ఇదంతా హాయిగానే ఉంది. భోజనం మాటెత్తితే మాత్రం "చూద్దాం" అనేది. జూన్ మొదట్లో ఒక రోజు ఎందుకో "సరే, వచ్చే శనివారం" అంది.

వంట ఏదో నిర్ణయించింది మా టీమ్‌లో అబిగేయిల్. ఆమె ఇక్కడి మనిషే, వాళ్ళ చెల్లికీ ఇదే జబ్బు.

"రైస్ బౌల్ చెయ్యి త్రినాథ్. అన్నం, ఓవెన్లో కాల్చిన కూరగాయలు, శనగలు, గుడ్డు, పైన పీనట్ సాస్. ఇరవై నిమిషాలు. యూ'ల్ బి గ్రాండ్, ఏం కంగారు లేదు," అంది.

ఇరవై నిమిషాల వంటకి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

"ప్రతి ప్యాకెట్ వెనక్కి తిప్పి ఫోటో పెట్టండి," అని మెసేజ్ పెట్టింది మైథిలి.

పెట్టాను. శనగల డబ్బా సరే. బియ్యం సరే. సోయా సాస్ కొట్టేసింది.

"దాంట్ల గోధుమలుంటయి."

"సాస్‌లోనా? సోయా అని పేరు పెట్టి గోధుమలేటండి?"

"నన్నడిగితే? నేను చేసిన్నా దాన్ని?"

ఇంకో రకం సాస్ కోసం మూడు షాపులు తిరిగాను. పీనట్ బటర్ ఫోటో పెడితే, "కొత్త సీసానా? బ్రెడ్డు మీద రాసిన కత్తి అందుల ముంచలేదు గదా?" అంది. ముంచాం. కొత్తది కొన్నాను. చెక్క గరిటె పనికిరాదంది, దాని గీతల్లో పిండి ఇరుక్కుంటుందట. పాస్తా వార్చే జల్లెడ పనికిరాదు. కూరగాయలు తరిగే పలక పనికిరాదు. ఒక దశలో నేనే పనికిరాననిపించింది.

నాతోపాటు ఇంట్లో ఉండేది అభిజిత్. రోజూ సాయంత్రం చపాతీలు చేసుకుంటాడు. వాడు పిండి కలిపితే కిటికీ అద్దం మీద కూడా పొడి కనిపిస్తుంది.

"ఈ వారం చపాతీలు బంద్," అన్నాను.

"నేను బతకాలా వద్దా?"

"బతుకు. అన్నం తిని బతుకు."

"ఒక అమ్మాయి ఒక పూట తినడానికి నేను వారం రోజులు పస్తులుండాలా? ఆవిడంటే నీకిష్టమని ఒక్క మాట చెప్పెయ్యొచ్చు కదరా. తేలిగ్గా అయిపోతుంది."

వాడు చెప్పింది నిజమే. అది చెప్పలేకే శనగలు నానబెట్టాలా డబ్బావి కొనాలా అని తొమ్మిది రోజులు ఆలోచించాను. నా చేతి వంట తిని ఆవిడకి ఏమీ కాకపోతే అప్పుడు చెబుదామనుకున్నాను. ఏదైనా అయితే ఇక చెప్పేదేమీ ఉండదు. ఆవిడ ఇంకెవరింట్లోనూ తినదు, మా ఇంటి గుమ్మం అసలు తొక్కదు.

శనివారానికి వంటగది మూడుసార్లు కడిగాను. మొత్తం పదిహేడు ఫోటోలు పాసయ్యాయి. అభిజిత్‌ని సినిమాకి తరిమేశాను.

ఆరింటికి బెల్ మోగింది. బయట వాన, వానలోనే ఎండ, మామూలుగా ఇక్కడ పడేదే. మైథిలి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మస్తు ఆకలైతుంది. పొద్దున్నుంచి ఒక్క అరటిపండు," అంది.

"పది నిమిషాలండి."

"ఇంక అండి ఏంది? చేతులు కడుక్కొని వస్త."

అన్నం ఉడికిపోయింది. ఓవెన్లోంచి క్యారెట్, బ్రకొలీ, శనగలు తీశాను. అంచులు చక్కగా ఎర్రబడ్డాయి. గుడ్లు ఒలిచాను. పీనట్ బటర్లో నిమ్మరసం, అల్లం, ఆ మూడు షాపుల సాస్, వేడినీళ్ళు కలిపాను. రెండు గిన్నెల్లో సర్దాను. రంగు బాగుంది. చెంచా కొసతో రుచి చూశాను. ఆరోగ్యంగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

ఏదో తక్కువైంది. తక్కువైతే విజయనగరం వాడు ఏం చేస్తాడు? పోపు పెడతాడు.

కొత్త మూకుడులో నెయ్యి వేశాను. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. చిటపటలాడగానే చెయ్యి దానంతటదే పైన అలమర తలుపు తీసి ఇంగువ డబ్బా అందుకుంది, చిటికెడు వేసింది. ఇంగువ వెయ్యడానికి ఎవరైనా ఆలోచిస్తారా? రెండు గిన్నెల మీదా పోపు చెరిసగం పోశాను. ఘుమఘుమలాడింది. అబిగేయిల్ రైస్ బౌల్ ఇప్పుడు మన భోజనమైంది.

డబ్బా మళ్ళీ అలమరలో పెట్టబోతున్నాను. తొమ్మిది రోజులుగా ఏది చేతికొచ్చినా వెనక్కి తిప్పడం అలవాటైపోయింది. తిప్పాను.

బియ్యప్పిండి. జిగురు. గోధుమపిండి. ఇంగువ.

మళ్ళీ చదివాను. గోధుమపిండే.

పుట్టినప్పటి నుంచీ తింటున్న ఇంగువలో గోధుమపిండి ఉంటుందని నాకు ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. పదిహేడు ఫోటోల్లో ఇది లేదు. పోపు పెడతానని అనుకుంటే కదా ఫోటో పెట్టడానికి.

మైథిలి వచ్చి కూర్చుంది. గిన్నె దగ్గరికి లాక్కుని ఆ వాసన పీల్చింది. కళ్ళు మూసుకుంది.

"పోపా? నా కోసం పోపు పెట్టినవా?"

ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

చిటికెడు. అందులో సగం. ఆ సగంలో పిండి ఎంతుంటుంది? ఏం కాదేమో. చెబితే లేచి వెళ్ళిపోతుంది. అన్నీ చూసుకుంటానని ఇంత హడావిడి చేసి, చివరికి గోధుమపిండి నేనే పోశానని ఎలా చెప్పను? చెప్పకపోతే ఈ సాయంత్రం ఇలాగే ఉంటుంది, ఆ కళ్ళు అలాగే ఉంటాయి. నాకు భయమేసింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నోరు మూసుకుందామనే అనుకున్నాను.

ఆమె చెంచా ఎత్తింది.

"తినొద్దు," అన్నాను.

"ఏంది?"

"తినకు. ఇంగువ వేశాను. దాంట్లో గోధుమపిండి ఉంది. ఇప్పుడే చూశాను. అలవాట్లో చెయ్యి వెళ్ళిపోయింది. తప్పు నాదే. క్షమించు."

డబ్బా ఆమె ముందు పెట్టాను. మైథిలి చెంచా దించి, డబ్బా తీసుకుని చాలాసేపు చదివింది. అందులో ఉన్నవి నాలుగే మాటలు.

"మా అమ్మ పోపు అంటే నాకు పాణం," అంది చివరికి. "ఇంగువల ఉంటదని ఈ జబ్బు వచ్చినంక నేనే అమ్మకు చెప్పిన. నీకు చెప్పుడు మర్చిపోయిన. నువ్వు పోపు పెడ్తవని నేననుకోలే."

"నువ్వేం తప్పు చెయ్యలేదు. పోస్తున్నప్పుడు నాకు బుద్ధుండాలి. తొమ్మిది రోజులు. ఆ అభిజిత్ గాడిని చపాతీ లేకుండా చంపాను. గది మూడుసార్లు కడిగాను. చివరికి నా చేత్తోనే..." ఫోన్ తీశాను. "క్యాబ్ పిలవనా?"

"ఎందుకు?"

"వెళ్ళిపోతావు కదా."

మైథిలి నా వైపు చూసింది. కోపం లేదు. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు.

"త్రినాథ్, నాకు పెట్టినోళ్ళందరు తిను తిను అన్నోళ్ళే. తెల్సి పెట్టినోళ్ళు ఉన్నరు, తెల్వక పెట్టినోళ్ళు ఉన్నరు. నోటి కాడికి వచ్చినంక తినొద్దన్నది నువ్వొక్కనివే. నేనెందుకు పోత?"

ఇంగువ డబ్బా నా వైపు తోసేసింది.

"కుక్కర్ల అన్నం ఉందా?"

"ఉంది."

"ట్రేల కూరగాయలు?"

"సగం ఉన్నాయి. సాస్ కూడా ఉంది."

"మరి నిలబడ్డవేంది?"

రెండు గిన్నెలూ, మూకుడూ తీసి పక్క గదిలో పెట్టాను. బల్ల ఆమె తుడిచింది. నేను మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కున్నాను. చాల్లే, ఆపరేషన్ చెయ్యబోతున్నవా అని తిట్టింది. కొత్త గిన్నెలో అన్నం, కూరగాయలు, శనగలు వేసి సాస్ పోశాను. గుడ్డు ఇంకొకటి ఉడకబెట్టాను. ఈసారి పోపు లేదు. రెండో గిన్నె పెట్టబోతే వద్దంది.

"నువ్వు ఆ ఇంగువది తిను. పారేస్తవా ఏంది? దూరంగ కూసొని తిను."

బల్లకి ఆ చివర నేను, ఈ చివర ఆమె. మొదటి ముద్ద తింది. రెండోది తింది. మూడోది నోట్లో పెట్టుకుని చెంచా దించేసింది. తల వంచుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు జారి బల్ల మీద పడ్డాయి.

నేను కుర్చీలోంచి లేచాను. "ఏమైంది? మళ్ళీ ఏదైనా వేశానా?"

తల అడ్డంగా ఊపింది.

"వేడిగుంది," అంది.

ఏడాదిన్నరగా డబ్బాలో చల్లారిపోయిన అన్నం తింటూ నలుగురిలో కూర్చున్న మనిషి ఆ మాట అంటుంటే నాకింకేమీ దాచుకోవాలనిపించలేదు.

"మైథిలీ, నువ్వంటే నాకిష్టం. పార్కులోనే చెప్పాల్సింది. ఇంత వంట అవసరం లేదు, ఆ మాటొక్కటి చెబితే సరిపోయేదని అభిజిత్ అన్నాడు."

ఆమె మణికట్టుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెంచా అందుకుంది.

"అభిజిత్‌కి ఏం తెల్సు? వంట లేకుంటే నేను నమ్మేదాన్నా?"

గిన్నె అడుగుదాకా తింది. తర్వాత దాన్ని నా వైపు చాపింది. నేను లేచి, చేతులు మళ్ళీ కడుక్కుని, మారు వడ్డించాను.