పావుగంటలో అయిపోయే పని

పొద్దున్నే తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. నిన్న సాయంత్రం ఇంటికొస్తున్నప్పుడే దాని దీపాలు గుడ్డివైపోయాయి. కొడుకు బానెట్ ఎత్తి చూస్తుంటే, అమ్మ కొంగు నడుముకి దోపుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ఆల్టర్నేటర్ పోయిందిరా. బ్యాటరీకి తిండి పెట్టేది అదేగా. కొత్తది పట్రా, పావుగంటలో మార్చేస్తాను" అంది.

భర్త పోయాక కార్ల షెడ్డుని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆవిడ. ఆవిడ చెయ్యి పడితే మళ్ళీ వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదనేవారు అందరూ. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆ మధ్యే షెడ్డు మూసేసింది.

కోడలు ఆసుపత్రిలో నర్సు. మధ్యాహ్నం డ్యూటీ కావడంతో ఇంట్లోనే ఉంది. భర్తని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"మెకానిక్‌ని పిలవండి. నిన్న అత్తయ్య ఖాళీ గిన్నె స్టవ్ మీద పెట్టి మర్చిపోయారు. మొన్న ఇల్లు తెలీక వీధి చివర నిలబడిపోతే పక్కింటావిడ తీసుకొచ్చింది. డాక్టరుకి చూపిద్దామని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"వయసొచ్చాక మతిమరుపు రాదా? నీకు ప్రతి మనిషీ పేషెంటులాగే కనిపిస్తారు" అని అతను విసుక్కుని, కొత్త ఆల్టర్నేటర్ తేవడానికి వెళ్ళిపోయాడు.

అతను తిరిగొచ్చేసరికి ఆవిడ పనిముట్ల పెట్టె ముందు కూర్చుని ఉంది. కావలసిన స్పానర్ చూడకుండానే చేతికొచ్చింది. బెల్టు వదులు చేసి క్షణంలో తప్పించింది. చూశావా అన్నట్టు అతను గుమ్మంలో ఉన్న భార్య వైపు నవ్వాడు.

ఆవిడ ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావుపాటి వైరు నట్టుకి స్పానర్ వేసింది. దాని రెండో కొస ఇంజనుకి తగలగానే ఫట్‌మని నిప్పులు ఎగిశాయి. స్పానర్ ఎగిరి నేల మీద పడింది. ఆవిడ అరచెయ్యి కమిలిపోయింది.

"ఏంటమ్మా ఇది? బ్యాటరీ వైరు తియ్యకుండా చెయ్యి పెడతావా? ఈ ముక్క నాకు చెంప పగలగొట్టి మరీ నేర్పింది నువ్వేగా!" భయమంతా అతని నోట్లో కోపమైపోయింది.

"తీశాను కదరా" అంది ఆవిడ. వైరు తీయలేదని కళ్ళెదుటే కనిపిస్తోంది. దాన్ని చూసి, కొడుకు మొహం చూసి, చిన్నపిల్లలా అడిగింది. "తీశాను... నువ్వు మళ్ళీ పెట్టావా?"

కోడలు పరుగున వచ్చి అత్తగారి చేతిని కుళాయి కింద పెట్టింది. "కాలింది ఆవిడకైతే అరుపులు మీవేంటండీ?"

"నీ మాటే నెగ్గిందిగా. సంతోషమా?"

"నెగ్గడమా?" ఆమె అతని వైపు తిరిగింది. "ఉక్కపోస్తోందని హాల్లో పడుకుంటున్నాననుకున్నారా? రాత్రి లేచి ఎక్కడికి వెళ్ళిపోతారోనని, తలుపుకి అడ్డంగా పడుకుంటున్నాను."

కుళాయి కిందున్న తన చేతినే చూస్తూ అమ్మ మెల్లగా అంది.

"దాన్నేమీ అనకురా. నాకూ తెలుస్తూనే ఉంది. చేతులకి గుర్తుంటోంది, నాకే ఉండట్లేదు. షెడ్డు మూసింది మోకాళ్ళ కోసం కాదు. ఒకరోజు ఒక కారు విప్పాను. ఎలా బిగించాలో తెలీలేదు. దాని పక్కనే కూర్చుని ఏడ్చాను. నీకు చెబితే... అమ్మ పనికిరాకుండా పోయిందనుకుంటావని చెప్పలేదు."

అతను ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. గిన్నె సంగతి, వీధి సంగతి అన్నీ తెలిసి కూడా కళ్ళు మూసుకున్నది తనే. అమ్మకి ఏమీ లేదనుకుంటే నిజంగానే ఏమీ ఉండదనుకున్నాడు.

కోడలు ఆవిడ చేతికి కట్టు కట్టాక, బ్యాటరీ వైరు తీసి, దాన్ని షెడ్డునాటి చార్జరుకి పెట్టి, మిగతా పని అతనే పూర్తిచేశాడు. అన్నీ బిగించి వైరు తగిలించబోతుంటే అమ్మ వచ్చి, కట్టులేని చేతి బొటనవేలితో బెల్టు నొక్కింది.

"వదులుగా ఉంది. కీచుమంటుంది."

నిజమే, వదులుగానే ఉంది. ఆవిడ తలూపేదాకా అతను బిగించాడు. ఆ కాసేపూ ఆవిడ షెడ్డులో ఉన్నప్పటి మనిషే.

"ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్దామమ్మా."

ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వు రోజూ చూస్తుంటావుగా. నన్ను బాగు చేస్తారా? నిజం చెప్పు."

కోడలు ఆవిడని కారు దగ్గరికి నడిపించింది. "మేమున్నాం అత్తయ్యా" అని మాత్రం అని, వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కానీ కారు కదల్లేదు. అతనికి ఎదురుగా దారి కనిపించడం లేదు. వెనకనుంచి కట్టుకట్టిన చెయ్యి వచ్చి అతని భుజం మీద పడింది.

"ఏడుస్తున్నావెందుకురా నాన్నా? మనమిప్పుడు ఎక్కడికెళ్తున్నాం?"

అతను కళ్ళు తుడుచుకుని, మొదటిసారి చెబుతున్నంత నెమ్మదిగా చెప్పాడు.