కందకంలో శవం వేషం

మేం నాటకాలాడే హాల్లో స్టేజీ ఎడమ మూల మంచిది కాదంటారు. యుద్ధం నాటకానికి ఇసుక బస్తాలు పేర్చి కందకం కట్టేది అక్కడే. పోయినేడు అందులోనే ఒక మనిషి పోయాడు.

ఎలా పోయాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అతనిది శవం వేషం. గుండు తగిలి కందకంలో పడ్డాక, తెర పడేదాకా కదలకూడదు. ఫిరంగుల పొగ వదిలారు... అతనికి ఊపిరాడలేదు. తెర పడినా లేవలేదు. "భలే చేశాడ్రా, వేలు కూడా కదపలేదు," అన్నాడు మా డైరెక్టరు. లైట్ల దగ్గరున్న నేను చెవులారా విన్నాను.

ఈ ఏడు ఆ వేషం మా అక్క మొగుడికిచ్చారు. పొగ మాత్రం తగ్గించలేదు. కందకంలో దెయ్యముందని పుకారు పుడితే డైరెక్టరు లోలోపల సంబరపడ్డాడు — టిక్కెట్లు తెగుతున్నాయి కదా, సిగ్గులేని మనిషి.

మొదటి ఆట రాత్రి జరిగింది బావే చెప్పాడు.

పడ్డాడు. పొగ కమ్మేసింది. పక్కన సిపాయిలు అరుచుకుంటున్నారు... ఇంతలో కింద చెక్క ఒకటి మెల్లగా జరిగింది. చల్లటి వేళ్లు అతని మణికట్టు పట్టుకున్నాయి.

"బతికే ఉన్నావా?"

గుసగుస... నేల కింద నుంచి.

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. అరుద్దామంటే శవం అరవకూడదు. పారిపోదామంటే ఎదురుగా జనం.

"ఉంటే వేలు కదుపు."

కదిపాడు. చెయ్యి వదిలేసింది. కాసేపాగి మళ్లీ వచ్చింది — మళ్లీ అదే ప్రశ్న. తెర పడేదాకా ఇదే వరస.

తెర పడగానే నన్ను లాక్కెళ్లాడు. టార్చి వేసుకుని స్టేజీ కిందకి దూరాం. దుమ్ము, విరిగిన కుర్చీలు... సరిగ్గా కందకం కింద, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని ఎవరో కూర్చునున్నారు.

మా నాటకానికి సిపాయి దుస్తులు కుట్టే ఆవిడ. పోయినతని భార్య.

"ఇదేంటక్కా?" అన్నాడు బావ.

"ఆ రోజు చుట్టూ ఇంతమంది ఉన్నారు తమ్ముడూ. బతికున్నావా అని ఒక్కడూ అడగలేదు." ఆమె ఒళ్లో బట్టలు కత్తిరించే కత్తెర ఉంది. "నీ వేలు కదలకపోతే పైకొచ్చి తెర తాడు కోసేస్తాను. నాటకం పోతే పోనీ."

మేం పైకొచ్చేసరికి డైరెక్టరు ఎదురుగా నిలబడున్నాడు.

"శవం వేలు కదిపిందేంట్రా? ముందు వరసలో నవ్వారు."

బావ అతని మొహంలోకి చూశాడు.

"రేపూ కదుపుతుందండీ," అన్నాడు.