మూడో గంట మోగేలోగా

బుల్లెట్ తగిలినప్పుడు దర్జీ నోట్లో రెండు గుండుసూదులున్నాయి. కుప్పకూలుతూ కూడా వాటిని మింగలేదు, జాగ్రత్తగా పక్కకు ఉమ్మాడు. వృత్తి అలవాటు.

పట్టపగలు. బజారంతా జనం. షాపు అద్దానికి వేలు పట్టేంత చిల్లు పడింది తప్ప చప్పుడు లేదు. సైలెన్సర్.

కస్టమర్‌లా వచ్చి నిలబడ్డ ఆమె ఒక్క దూకులో కౌంటర్ దాటి అతని తల ఒళ్లోకి తీసుకుంది. అంతకు నిమిషం ముందే ఇద్దరూ కోడ్ వర్డ్స్ మార్చుకున్నారు. "కాలర్ బిగుతుగా ఉందండీ" అని ఆమె అనాలి. "కాలర్ బాగానే ఉందమ్మా, మీ మెడే పెరిగింది" అని అతను అనాలి. ఆ రెండో ముక్క అతని సొంత కవిత్వం. హెడ్డాఫీసు మార్చమన్నా మార్చలేదు.

"ఎవరు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు టైము లేదన్నట్టు దర్జీ తల అడ్డంగా ఊపాడు. "గంట..." అన్నాడు. "మూడో గంట..."

అంతే. మెడలోని టేపు ఆమె చేతికి చుట్టుకుని ఉండిపోయింది. అతను లేడు.

చాలాకాలంగా ఆ దర్జీ 'గ్రహణం' ముఠా వాళ్లకు కోట్లు కుడుతున్నాడు. పరాయి దేశం డబ్బుతో నడిచే గూఢచారుల ముఠా అది. కొలతలిచ్చేటప్పుడు మనుషులు ఫోన్లో నోరు జారతారు. ఆ జారిన మాటలు ఏరుకోవడం అతని డ్యూటీ, వాటిని అందుకోవడం ఆమె డ్యూటీ.

సీక్రెట్ సర్వీసులో ఆమెకొక నంబరుంది. ఆ నంబరుతో ఎవరూ పిలవరు. 'నక్కతోక' అంటారు. నక్కతోక తొక్కి వచ్చింది కాబట్టే పట్టిన కేసల్లా గెలుస్తోందని వాళ్ల ఉద్దేశం. మొదట్లో ఆమె కూడా నవ్వేది. ఏళ్ల తరబడి నవ్వేసరికి దవడలు నొప్పెట్టాయి.

*

"మూడు గంటలకి!" గోడ మీది మ్యాప్‌ను పెన్సిల్‌తో పొడిచాడు ఛీఫ్. "ఇవాళ మధ్యాహ్నం కచేరీ హాల్లో రెండు దేశాల మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అది అవగానే ఎయిర్‌పోర్టుకి. మూడింటికి కాన్వాయ్ వంతెన మీద ఉంటుంది. దాడి అక్కడే. నెమలి కూడా ఇందాకే కన్ఫర్మ్ చేసింది."

నెమలి పేరున్న గాయని. గ్రహణం ముఠాలో ఉంటూనే ఏడాదిగా ఈ డిపార్ట్‌మెంటుకు రహస్యాలు మోస్తున్న డబుల్ ఏజెంట్. ఇవాళ సంతకాల ముందు స్వాగత గీతం పాడేది కూడా ఆమే. ఆమె నవ్వితే ఛీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటాడని ప్యూన్ల దాకా తెలుసు.

"సార్, మూడింటికైతే 'మూడు గంటలకి' అనేవాడు. 'మూడో గంట' అన్నాడు."

"చచ్చేవాడు వ్యాకరణం చూసుకుంటాడా?"

"సూదులు చూసుకున్నాడు సార్."

ఛీఫ్ పెన్సిల్ ఆగింది. ఆమె ఆగలేదు. "హాల్లో ప్రోగ్రాం ముందు మూడు గంటలు కొడతారు. మూడోది మోగితే తెర లేస్తుంది. తెర వెనక డయాస్ మీద ఇద్దరు మంత్రులూ కూర్చుని ఉంటారు."

"నెమలి చెప్పింది ఏడాదిగా ఒక్కటీ తప్పు పోలేదు."

"పోలేదు. కానీ వాటివల్ల ముఠా మనిషి ఒక్కడైనా దొరికాడా? మనం వెళ్లేసరికి ఖాళీ ఇల్లు, టేబుల్ మీద చల్లారిన టీ. అన్నీ నిజాలే సార్. పనికిరాని నిజాలు."

ఛీఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, నీ రికార్డు నాకు తెలుసు. రైలు లేటయింది, బాంబు ఖాళీ పట్టాల మీద పేలింది. వాడి పిస్టల్ జామ్ అయింది, నువ్వు బతికావు. నీది బుర్ర కాదు, జాతకం. నీ జాతకం మీద దేశాన్ని నడపలేను."

"ఆ రైలు ఏ సిగ్నల్ దగ్గర ఆగుతుందో ప్లాట్‌ఫారం మీద వారం పాటు కూర్చుని చూశాను సార్. పిస్టల్ సంగతి మాత్రం లక్కే, కాదనను."

"ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టు. ఇవాళ్టి నుంచి నెల రోజులు సెలవు."

ఆమె కార్డు తీసి టేబుల్ మీద పెట్టింది. "సెలవులో ఎక్కడికెళ్లాలో కూడా మీరే చెప్తారా సార్?"

"ఎక్కడికైనా పో!"

"థాంక్యూ సార్. కచేరీకి వెళ్తాను."

*

టెక్నికల్ సెక్షన్ బేస్‌మెంట్‌లో ఉంటుంది. అక్కడి పెద్దాయన ఆఫీసుకంతటికీ బాబాయే. ఆమెకు మాత్రం నిజంగానే బాబాయ్, నాన్న తమ్ముడు.

"కార్డు లాక్కున్నాడా?"

"నేనే ఇచ్చేశాను."

"పొగరు. అచ్చం మా అన్నయ్యే." సొరుగులోంచి ఒక లోహపు గాజు తీసి ఆమె చేతికి తొడిగాడు. "దీని లోపల తీగ ఉంది. రంపం. చాలావాటిని కోస్తుంది, కానీ ఒక్కసారే. ఒక్క కోతకే తీగ చస్తుంది. కాబట్టి ఏది కోస్తావో ముందే ఆలోచించుకో తల్లీ. రెండోది చేద్దామంటే బడ్జెట్ ఆపేశారు."

ఆమె నెరిసిన విగ్గు సర్దుకుని, పియానో ట్యూన్ చేసేవాళ్ల పనిముట్ల పెట్టె చంకలో పెట్టుకుంది.

"నాకు తెలియక అడుగుతాను," అన్నాడు బాబాయ్. "నువ్వనుకున్నది తప్పయితే?"

"తప్పయితే సెలవులో పాట విన్నట్టు. వంతెన దగ్గర మన డిపార్ట్‌మెంటంతా ఉంది, నేనొక్కదాన్ని లేకపోతే వాళ్లకొచ్చే లోటేమీ లేదు. హాల్లో మనవాళ్లెవరూ లేరు. నా మాట నిజమయ్యే ఛాన్సు పదిలో మూడే అనుకో. అయినా నేను ఉండాల్సింది హాల్లోనే కదా?"

బాబాయ్ కాసేపు బట్టతల నిమురుకున్నాడు. తర్వాత మేకుకు వేలాడుతున్న పియానోల వ్యాను తాళాలు అందుకున్నాడు. "పద. నేను సెలవు పెట్టి కూడా చాలా కాలమైంది."

"నువ్వు వెనక గేటు దగ్గర ఉండు. నెమలి పాట పాడకుండా ఒంటరిగా బయటికొస్తే నా మాట నిజమైనట్టే. పోనివ్వకు."

*

స్టేజి మేనేజర్ చెమటల్లో ఈదుతున్నాడు. "ఇప్పుడా ఊడిపడేది? కానివ్వండి, కానివ్వండి!" అంటూనే గోడకున్న బటన్ నొక్కాడు.

మొదటి గంట మోగింది.

ఆమె పియానో మూత ఎత్తి, కళ్లతో బటన్ దగ్గర్నుంచి వైరు వెంట నడిచింది. గుడ్డ చుట్టిన పాతకాలపు వైరు. దాని పక్కనే బూడిదరంగు కొత్త వైరు ఒకటి, తోడబుట్టినదానిలా ఆనుకుని, స్టేజి కిందికి దిగిపోతోంది.

గంట కొట్టొద్దని మేనేజర్‌కి చెప్పడమా? ఆయన ఎవరి మనిషో తెలియదు. చేతిలో కార్డు లేదు, ఆధారం లేదు. ఓ ట్యూనర్ చెబితే మంత్రుల ప్రోగ్రాం ఎవరు ఆపుతారు? ముందు ఆ వైరు ఎక్కడికి పోతోందో చూడాలి. చూసి, తుంచి, తెచ్చి ఆయన ముఖాన పెట్టాలి.

మెట్లు దిగింది. స్టేజి కింద దుమ్ము, చుట్టలుగా తాళ్లు, విరిగిన సింహాసనం ఒకటి. గోడవారగా మంటలార్పే ఇత్తడి పైపు. 'హార్బరు నీరు, తాగరాదు' అని దాని మీద రాసి ఉంది. పైపుకు రెండడుగుల దూరంలో, నేల మీద, టిఫిన్ డబ్బా అంత పెట్టె. మీద ఎర్ర లైటు. పక్కన చిన్న అద్దంలో అంకె: 1. పెట్టెలోంచి వైర్లు పైకెక్కి, సరిగ్గా డయాస్ కింద కట్టిన పొట్లాల్లోకి దూరాయి.

గంటలు లెక్కపెట్టే ట్రిగ్గర్!

"ట్యూనింగ్ పైన కదమ్మా చేస్తారు?"

మాటకన్నా ముందు సెంటు వాసన వచ్చింది. నీలం గౌను, చెవులకు వజ్రాలు, చేతిలో బొమ్మలాంటి పిస్టల్. నెమలి నవ్వుతోంది.

"దర్జీని చంపించింది నువ్వేనా?"

"బాగా కుట్టేవాడు పాపం." నెమలి లిప్‌స్టిక్ తీసినంత తేలిగ్గా హ్యాండ్‌బ్యాగులోంచి బేడీలు తీసింది. పిస్టల్ ఆమె కణతకు ఆనించి, చేతిని పైపుకు కలిపి టక్కున బిగించింది. పనిముట్ల పెట్టెను కాలితో చీకట్లోకి తన్నింది. "కాల్చేదాన్నే, పైన చప్పుడు వినపడుతుంది. నువ్వే కదూ ఆ నక్కతోక? నీ లక్ గురించి చాలా విన్నాను. నేను మాత్రం దాన్ని నమ్ముకోను. ప్రతి వైరూ నా చేత్తో నేనే చూసుకున్నాను."

"కనపడుతోంది. పని శుభ్రంగా ఉంది."

నెమలి మెచ్చుకోలుకు తలవంచింది. సరిగ్గా అప్పుడే పైన రెండో గంట మోగింది. అద్దంలో అంకె 2 అయింది. నెమలి నవ్వు కాస్త తగ్గింది. మెట్లెక్కింది, తలుపుకు బయట్నుంచి గడియ పడింది.

పైన బ్యాండు గోల. అరిచినా ఎవరికీ వినపడదు.

ఆమె గాజు విప్పింది. సన్నటి తీగ మెరిసింది. ఒక్క కోత.

బేడీలు కోస్తే? గట్టి ఉక్కు, తెగొచ్చు, తెగకపోవచ్చు. తెగినా తలుపు మూసి ఉంది. పెట్టె మూత సీలు వేసి ఉంది, చెయ్యి పెడితే పేలేలా చేసి ఉంటుంది. అలాంటి మనిషే నెమలి. చేతులు స్వేచ్ఛగా పెట్టుకుని చావడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పైపు? మెత్తటి ఇత్తడి, ఖాయంగా తెగుతుంది. లోపల ఉప్పునీళ్లు. పెట్టె నేల మీదే ఉంది, అడుగంచున గాలి చిల్లులున్నాయి. బ్యాటరీ అడుగున, డయాస్‌కి పోయే వైర్లు పైన. ముందు మునిగేది బ్యాటరీయే. కానీ నీళ్లు అంతెత్తు లేవాలి. అప్పటిదాకా మూడో గంట మోగకూడదు. అది ఆమె చేతిలో లేదు.

చేతిలో ఉన్నది తీగ. దాన్ని పైపుకు చుట్టి బలంకొద్దీ లాగింది.

ఇత్తడి కీచుమంది. తీగ తెగింది. పైపు కూడా తెగింది. చల్లటి ఉప్పునీరు ముఖాన ఈడ్చి కొట్టింది. నేల మీద పరుచుకుంది, పాదాలు మునిగాయి, పెట్టె అంచు తాకింది. లైటు ఎర్రగా, నిబ్బరంగా వెలుగుతూనే ఉంది.

పైన బ్యాండు ఆగిపోయింది. ఇక గంటే. ఆమె కళ్లు మూసుకోలేదు. 'కొట్టుకో,' అనుకుంది పళ్లు బిగించి. 'నేను చెయ్యాల్సింది చేశాను.'

గంట మోగలేదు.

నీళ్లు చీలమండలు దాటాయి. ఇంకా మోగలేదు. పైన ఎవరివో బూట్లు అటూ ఇటూ పరిగెత్తాయి. నీళ్లు పెట్టె నడుం దాకా వచ్చాయి. బుడగలు లేచాయి. ఎర్ర లైటు మినుకుమంది, రాగిరంగుకు దిగింది, ఆరిపోయింది.

మరుక్షణం మూడో గంట మోగింది.

గంట మాత్రమే మోగింది. తెర లేచిన చప్పుడు, ఆ వెంటనే చప్పట్లు. స్వాగత గీతం పాడాల్సిన గాయని ఏదని ఎవరో అరవడం వినిపించింది.

గాయని వెనక గేటు దగ్గర హారన్ కొడుతోంది. ఆమె కారుకు అడ్డంగా పియానోల వ్యాను ఆగిపోయి ఉంది. "స్టార్టవ్వట్లేదమ్మా, ముసలి బండి," అని బాబాయ్ బానెట్‌లో తల దూర్చి నెమ్మదిగా గొణుగుతున్నాడు. పేలుడు కోసం చెవులు రిక్కించిన నెమలికి చప్పట్లు వినిపించాయి. ముఖం పాలిపోయింది. పిస్టల్ కోసం ఆమె బ్యాగులో చెయ్యి పెట్టేలోగా బాబాయ్ చేతిలోని స్పానర్ ఆ మణికట్టు మీద పడింది.

*

బాబాయ్ గడియ తీసి ఆమెను పైకి తెచ్చాడు. ఛీఫ్ వచ్చేసరికి ఆమె మేకప్ రూములో పాత తెరగుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది. బేడీలు ఒరుసుకున్న చోట మణికట్టు కమిలిపోయింది. పక్కనే స్టేజి మేనేజర్ ఇంకా చెమట తుడుచుకుంటున్నాడు.

"గంట కొట్టబోతుంటే పొరుగు దేశం మంత్రిగారు లేచారు సార్. అర్జెంటుగా బాత్‌రూమ్ అన్నారు. ఆయన వచ్చేదాకా ఆపాను."

ఛీఫ్ ముఖం వెలిగిపోయింది. "చూశావా! మళ్లీ లక్కే!"

"అవును సార్. లక్కే." ఆమె లేచి నిలబడింది. "ఆయన లేవకపోతే నీళ్లు చేరేవి కావు, పైనవాళ్లూ నేనూ పోయేవాళ్లం. అయినా కొయ్యాల్సింది పైపే. రేపు మళ్లీ అక్కడే కట్టేసినా పైపే కోస్తాను. ఇవాళ వంతెన దగ్గర ఎవడో దారినపోయేవాడు ఒక టపాకాయ కాల్చి ఉంటే మిమ్మల్ని మేధావి అనేవాళ్లు. అప్పుడు కూడా మీరు వెళ్లింది తప్పు చోటికే. నెమలి పనిలో లోపం లేదు, ఆమెకి టైము బాగోలేదు. నా పనిలోనూ లోపం లేదు, నాకు బాగుంది. ఏది నాదో, ఏది కాదో నాకు తెలుసు సార్. దర్జీ ఏమన్నాడో నేను విన్నాను, మీరు వినలేదు. నా కార్డివ్వండి."

ఛీఫ్ కళ్లజోడు సర్దుకున్నాడు. జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది. ప్రధాని ఆఫీసు.

"యస్ సార్... ప్రమాదం తప్పింది సార్... ఎలాగంటే, అదృష్టవశాత్తూ మంత్రిగారు..."

విదేశాంగ శాఖ ప్రోటోకాల్ ఆఫీసరు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, ఛీఫ్ మోచెయ్యి పట్టుకున్నాడు. "పరాయి మంత్రిగారి కడుపు సంగతి బయటికి పొక్కకూడదు. ఒప్పందం మీద సిరా తడి ఇంకా ఆరలేదు," అని చెవిలో గుసగుసలాడాడు.

ఛీఫ్ తల ఊపాడు. ఆమెను చూశాడు, సీలింగును చూశాడు.

"అదృష్టమేమీ లేదు సార్," అన్నాడు ఫోన్లో. "పూర్తిగా మా ఏజెంట్ నైపుణ్యం."

"అది అబద్ధం సార్," అంది ఆమె.

"దేశ భద్రత," అన్నాడు ఛీఫ్, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.