సున్నం గిరిలో జొన్న రాశి

"దొంగ సంతకాలు పెట్టేటోళ్లే నయం సార్. సంతకం కావాలన్న సంగతన్న వాళ్లకు ఎరుకుంటది. మీకు అది గూడ అక్కర లేదాయె. మా అవ్వ రాశికి మొక్కితే, ఊరు ఒప్పుకున్నదని రాసుకున్నరు."

దీపిక ఒక కాగితం టేబుల్ మీద పెట్టి, ఎగిరిపోకుండా పృథ్వీరాజ్ టీ గ్లాసునే దాని మీద ఉంచింది. ఆ టీ అతనింకా తాగలేదు.

అది జహీరాబాద్ బైపాస్ పక్కన గాలిమరల కంపెనీ సైట్ ఆఫీసు. న్యాల్‌కల్ దిక్కు నుంచి ఒకమ్మాయి వచ్చిందని వాచ్‌మన్ చెప్పగానే పృథ్వీరాజ్ ఫోన్‌లో ముఖం చూసుకుని తల దువ్వుకున్నాడు. మూడు వారాలుగా తలుచుకుంటున్నది ఆమెనే మరి. ఇప్పుడా దువ్విన తలను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

కాగితం మీదున్నది అతను తీసిన ఫొటోనే. కింద ఇంగ్లిష్‌లో రెండు లైన్లు. టవర్ స్థలానికి గ్రామస్తులు పూజ చేసి ప్రాజెక్టును స్వాగతించారట.

జరిగింది వేరు. పృథ్వీరాజ్‌ది కోహీర్, కంపెనీలో సర్వేయర్. ఆ ఫొటో తీసిన రోజు పొద్దున్నే దీపిక వాళ్ల ఊరి కల్లంలో, పదకొండో నంబర్ గాలిమర దిగాల్సిన చోట, సున్నంతో పెద్ద గిరి గీసి టిఫిన్‌కు పోయాడు. ఎవరినీ అడగలేదు. అడగమని ఆఫీసు చెప్పలేదు, తనకూ తోచలేదు.

ఆ కల్లం నలభై ఇళ్లది. గుట్ట మీది గాలి తిన్నగా అక్కడికే దిగుతుంది కాబట్టి ఊరి ఆడవాళ్లు జొన్నలు తూర్పారబట్టేది అక్కడే. గింజను రాశి పోసి, చుట్టూ సున్నంతో గిరి గీసి, పక్కన కొడవలీ చేటా పెట్టి మొక్కాకే ఇంటికి మోస్తారు. దీపిక నాయనమ్మ శివమ్మ వచ్చేసరికి గిరి సిద్ధంగా ఉంది. మనవాళ్లే ఎవరో ముందుగా గీశారనుకుని, రాశి అందులోనే పోయించి, పసుపు చల్లి దండం పెట్టుకుంది.

టిఫిన్ తిని వచ్చిన మనిషి నోరు తెరిచి చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఫోన్ తీశాడు. జుట్టు నిండా జొన్న పొట్టుతో ఒకమ్మాయి, మిగిలిన గింజల చేట తల మీదికెత్తి గాలి కోసం ఆగి ఉంది. అతనికి ఇంకేమీ కనబడలేదు. రోజూ ఆఫీసుకు సైట్ ఫొటో పంపాలి. ఆ రోజు తీసింది ఆ ఒక్కటే, అదే పంపాడు.

ఆ రాత నాది కాదని ఇప్పుడు చెప్పుకున్నాడు. రాయలేదు సరే, ఆపిన్రా అని ఆమె అడిగింది. గురువారం గ్రామసభ ఉందనీ, ఆ కాగితం అక్కడ నిలిస్తే కల్లానికి కంచె పడుతుందనీ చెప్పింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"గీ ఫొటో పెద్దది ఉన్నదా? అవ్వది ఇంత మంచిగ ఎన్నడూ రాలే."

ఉందన్నాడు.

"మరి అవ్వ మూలకున్నది. గిరి సగం తెగింది. గట్లెందుకు తీసిన్రు?"

కెమెరా జర వంకరగా పట్టుకున్నానన్నాడు. ఆమె వెనక్కి వచ్చి, అతని టీ తాగేసి వెళ్లిపోయింది.

తిట్టిందా? టీ తాగిందంటే తిట్టు కాదేమో. కానీ టీ లాక్కున్నట్టే తాగింది. రెండు రోజులు ఇదే గోల. ఫొటో పంపమని ఆమె ఇచ్చిపోయిన నంబర్‌కు సారీ అని మెసేజ్ పెడితే, సభకు రమ్మని జవాబొచ్చింది. అది పిలుపో, కోర్టు సమనో అర్థం కాలేదు. మేనేజర్ వికాస్‌కు ఫోన్ చేసి ఆ లైన్లు తీసేయమంటే, నీ కాంట్రాక్ట్ ఈ నెలాఖరుకే కదా అని గుర్తుచేశాడాయన.

గురువారం పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. గాలికి అదొక దిక్కు, కాగితాలొక దిక్కు. వికాస్ ఆ ఫొటో ఉన్న రిపోర్టును ఇంగ్లిష్‌లో చదివాడు. దీపిక లేచి తెలుగులో చదవమంది. తెలుగులో చదివితే సభంతా గొడవ. వికాస్ ఫొటో పైకెత్తి పృథ్వీరాజ్ వైపు తిరిగాడు.

"వీళ్లు పూజ చేయడం నువ్వు కళ్లారా చూశావా లేదా? ఒక్క మాటలో చెప్పు."

చూశాడు. అదే కదా చిక్కు. ఉద్యోగం ఒక్క మాటతో నిలుస్తుంది, ఆ ఒక్క మాటకే నలభై ఇళ్ల కల్లం పోతుంది.

"చూసిన సార్," అన్నాడు. దీపిక తల దించుకుంది. "మొక్కింది రాశికి. గిరి నేను ఎవరికీ చెప్పకుంట గీసిన. టవర్ సంగతి వాళ్లకు తెల్వనే తెల్వదు."

"మరి సైట్ ఫొటో అని ఎందుకు పంపావు?"

పృథ్వీరాజ్ ఫొటో వైపు వేలు చూపించాడు. "ఫొటో జర సరిగ్గ చూడున్రి. గిరి సగమే ఉన్నది, అవ్వ ఓ మూలకున్నది. నడుమ ఎవరున్నరు? నేను టవర్ జాగను తియ్యలే సార్. ఆమెను తీసిన."

ఫొటో చేతులు మారుతూ ఆడవాళ్లలోకి పోయింది. ముందు ఒకరు నవ్వారు, తర్వాత షామియానా కింద నవ్వనిది వికాస్ ఒక్కడే. ఇలాంటివి రికార్డులో రాయలేమన్నాడు.

శివమ్మ లేచింది. "రాయాలె బిడ్డా. గా ఒప్పుకున్నరన్న కాయిదం ఇయ్యాల్నే కొట్టేయాలె. గాలిమర వద్దంటలేము, గుట్టకు అవుతల బీడున్నది, గాలి ఎటు మళ్లుతదో మేమే చూపిస్తం. ఊరికి ఎంత దూరం, చప్పుడెంత, దారి ఎవరి చేన్ల నుంచి పోతది, అన్నీ తెలుగుల చదివి, కల్లంల కూసొని ఇంటింటినీ అడగాలె. గప్పుడే సున్నం ముట్టుకోవాలె."

నలభై ఇళ్లూ చేతులెత్తాయి. వికాస్ ఆ మాటలు రాసుకుని సంతకం చేసేదాకా ఎవరూ కదలలేదు.

రేపు ఆఫీసుకు పోవాలో వద్దో పృథ్వీరాజ్‌కు తెలియదు. బండి దగ్గరికి నడుస్తుంటే దీపిక అడ్డం వచ్చి నిలబడింది. పక్కనే శివమ్మ.

"నన్ను అడగకుంట ఫొటో తీసినవ్. అడగకుంట ఊరందరి ముందట చెప్పినవ్. ఇగ నేను నవ్విన్నని, ఒప్పుకున్నట్టు రాసుకుంటవా?"

"లేదు," అన్నాడు.

"మరి అడుగు. మా అవ్వ ముందట, నోటితోని. ఇప్పుడే."