మూడు కాళ్ల తుపాకి

ఢాం!

ఇమ్రాన్ నెత్తి మీది టోపీ ఎగిరి చీకట్లో పడుతుంది.

చచ్చిన మేక కాళ్లు పట్టుకోడానికి వంగాడు కాబట్టి బతికాడు. నిటారుగా ఉంటే టోపీతో పాటు తలా పోయేది!

ఒక్క దూకు! ఎండిపోయిన వాగులో పడతాడు. కూలిన నీలగిరి మొద్దు వెనక నక్కుతాడు. 

పొరపాటున పేలిందేమో!

"రాజుగారూ! నేనండీ! ఇమ్రాన్‌ని!"

గట్టు మీద ఆగిన యూట్ బండి వెనక తొట్టిలోంచి నవ్వు.

"తెలుసు తమ్ముడూ! లైట్లో క్లియర్‌గా కనపడ్డావ్. ఎందుకయ్యా వంగావ్? కదలకుండా ఉంటే ఈపాటికి అయిపోయేది కదా!"

పొరపాటు కాదు.

సుబ్బరాజు భీమవరం మనిషి. సిడ్నీ ఆఫీసులో వైటూకే ప్రాజెక్టుకి మేనేజరు, ఇమ్రాన్‌కి బాసు. పోయిన వారం తప్పతాగి కారు నడిపాడు. ఆఫీసు శుభ్రం చేసే శౌరయ్యని గుద్ది చంపేసి, బ్రేకైనా వెయ్యకుండా పోయాడు. చూసింది బస్‌స్టాప్‌లో ఉన్న ఇమ్రాన్ ఒక్కడే.

భయపడి నోరు మూసుకున్నాడు. కానీ శౌరయ్య భార్య ఏసుమణి వచ్చి ఇమ్రాన్ చెయ్యి పట్టుకుని, "ఎవరు బాబూ మా ఆయన్ని గుద్దింది?" అని అడిగింది. ఆ రాత్రి అన్నం దిగలేదు.

తిన్నగా పోలీసుల దగ్గరికి పోవాల్సింది. పోలేదు! పెద్దాయన కదా, ముందు ఆయనతో ఒక మాట అనాలి కదా!

"నేను చెప్పేస్తానండీ. మీరే ముందెళ్లి ఒప్పుకుంటే బావుంటుంది."

మర్యాదకి పోతే ప్రాణం మీదికొచ్చింది.

"సోమవారం వెళ్దాం తమ్ముడూ. ఈలోగా ఆఖరిసారి వేటకెళ్లొద్దాం" అన్నాడు రాజుగారు.

ఆఖరిసారి ఎవరికో ఇప్పుడు తెలుస్తోంది.

స్పాట్‌లైట్ మొద్దు మీద పాకుతోంది. యూట్ తొట్టిలో కెమెరా ట్రైపాడ్. దాని మీద ఇనప క్లాంపు. క్లాంపులో రైఫిల్. ఉన్నది ఆ ఒక్క తుపాకే.

ఆ ట్రైపాడ్ తయారుచేసిచ్చింది ఎవరు? ఇమ్రానే!

రాజుగారి చేతులు వణుకుతాయి మరి. పొద్దున్నే ఆఫీసులో కాఫీ కప్పు ఎత్తితే సగం ఫైళ్ల మీదే. తాగుడు! అందుకే వేటకొస్తే సీసా తేకూడదని ఇమ్రాన్ షరతు. అయినా వణుకే. అడవిమేక ఎదురుగా నిలబడినా గుండు చెట్టుకి తగిలేది. జాలిపడి ఈ మూడు కాళ్లు చేసిచ్చాడు.

పాముకి పాలు పోశాడు!

"దాక్కో తమ్ముడూ, దాక్కో! తెల్లారితే దిగొస్తా. మీ సనోబర్‌కి నేనే ఫోన్ చేస్తాలే. పొరపాటున పేలిందమ్మా అని ఏడుస్తా. శౌరయ్య సమాధి మీద పూలు పెట్టింది కూడా నేనే!"

ఇమ్రాన్ పళ్లు కొరుకుతాడు. భార్య సనోబర్ ఇప్పుడు కెల్లీవిల్ ఇంట్లో తలుపు గడియ పెట్టకుండా కూర్చుని ఉంటుంది.

ఆలోచించు... ఆలోచించు!

స్క్రూ!

తుపాకి తన్నే తన్నుకి క్లాంపు స్క్రూ వదులవుతుంది. రెండుసార్లు పేలిస్తే మళ్లీ బిగించాలి. లేకపోతే మూతి పైకి లేచిపోతుంది. ఆ సంగతి రాజుగారికి తెలీదు. ప్రతిసారీ బిగించింది ఇమ్రానే. ఆయన రాజుగారు... స్క్రూ ఎందుకు ముట్టుకుంటాడు?

మేక పడ్డాక బిగించే బండి దిగాడు. ఆ తర్వాత ఒకటి పేలింది. ఇంకొకటి పేలాలి!

చొక్కా విప్పుతాడు. కర్రకి తగిలించి పైకెత్తుతాడు.

ఢాం! చొక్కా చిరిగింది.

రెండు!

మొద్దు సందులోంచి చూస్తాడు. లైటు వెలుగులో సుబ్బరాజు సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. దొంగచాటుగా తెచ్చాడన్నమాట.

ఇమ్రాన్‌కి నవ్వొస్తుంది. తాగు... ఇంకా తాగు! ఎంత తాగితే అంత వణుకు!

లేస్తాడు. గట్టు ఎక్కి యూట్ మీదికి పరుగు! తాళాలు బండిలోనే ఉన్నాయి. అందితే చాలు, ఒక్క కుదుపుకి తొట్టిలోని రాజుగారు కింద పడతాడు!

ఢాం!

గుండు తలకి చాలా ఎత్తులో ఎటో పోయింది. రైఫిల్ మూతి ఆకాశం చూస్తోంది!

"స్క్రూ వదులైందండీ రాజుగారూ!" ఇమ్రాన్ అరుస్తాడు. "మీ ట్రైపాడ్ పనైపోయింది!"

సుబ్బరాజు కంగారుపడడు. క్లాంపు విప్పుతాడు. రైఫిల్‌ని చేతుల్లోకి తీసుకుంటాడు. బోల్ట్ లాగుతాడు.

"చేత్తో కాలుస్తారా? కాల్చండి చూద్దాం!"

ఇంకో నాలుగంగల్లో బండి తలుపు...

ఇమ్రాన్ ఆగిపోతాడు.

రైఫిల్ మూతి కదలడం లేదు. ఈగ వాలినా కదిలేలా లేదు!

"ఏంటి తమ్ముడూ, చేతులు చూస్తున్నావా?"

"వ... వణకాలి కదా... తాగారు కదా..."

"తాగితే వణకవురా! తాగకపోతేనే వణుకుతాయి. పొద్దున్నే కాఫీ ఒలికేది అందుకే. నీ షరతు వల్ల వేటలో వణికిపోయేవాణ్ణి అందుకే. ఏ తాగుబోతుని అడిగినా చెప్పేవాడు."

ఎవర్ని అడుగుతాడు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని, మందు పార్టీ ఉన్న ఇంటి గుమ్మమే తొక్కనివాడు ఇమ్రాన్.

"రాజుగారూ... సనోబర్..."

"ఫోన్ చేస్తానన్నాగా."

ఢాం!