బెల్లం ముద్దలో రెండు బిళ్లలు

2006 జూన్ 12, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు దేవుడమ్మ కూతురి చెంప మీద కొట్టింది. శాంతికుమారికి ఇరవై రెండేళ్లు. నెల కిందట ఐదో నెల గర్భం పోయింది.

ముందురోజు రక్తపరీక్ష కాగితం వచ్చింది. మార్చిలో రక్తం ఏడు గ్రాములు. ఇప్పుడూ ఏడే.

"బిళ్లలు ఏ కాలవలో పారేత్తన్నావే?" అంది దేవుడమ్మ.

"నీ సేత్తోనే పెడతన్నావు కదే అమ్మా. మింగేను."

"మింగితే రక్తం గోడ దూకి పోనాదా? మీ నాన్న బెల్లం దిమ్మలు మోసి కొన్న మందులవి."

"దాన్నొగ్గీవే. డాక్టర్నే అడుగుదాం," అన్నాడు తండ్రి పరదేశి. ఆయన బెల్లం మార్కెట్లో కలాసీ.

పదకొండింటికి ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు.

"బిళ్లలు ఎలా వేస్తున్నారు?" డాక్టర్ అడిగాడు.

"దీనికి గొంతు దిగవు బాబూ. పరగడుపున రక్తం బిళ్ల, మెడ బిళ్ల రెండూ బెల్లం ముద్దలో పెట్టి నేనే తినిపిత్తాను. మార్చి నుంచి ఒక్క రోజు తప్పలేదు. బెల్లం రక్తం పట్టిత్తాది కదా."

డాక్టర్ కలం కింద పెట్టాడు.

"ఐరన్ బిళ్ల థైరాయిడ్ బిళ్లను కడుపులోనే పట్టేస్తుందమ్మా. రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. చీటీలో రాశారు."

చీటీ ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఎవరూ చదవలేదు.

"అది మెడ బిళ్ల కదా బాబూ. రక్తానికేటి?"

"రక్తం తయారు చెయ్యమని ఎముకల్లోని మూలుగకు చెప్పే హార్మోను కిడ్నీలో పుడుతుంది. కిడ్నీ కణాలు దాన్ని సరిపడా చెయ్యాలంటే థైరాయిడ్ హార్మోను అందాలి. ఈమెకు అందలేదు. అందుకే ఐరన్ వేసినా రక్తం పెరగలేదు."

దేవుడమ్మ కూతురి పొట్ట వైపు చూసింది.

"బిడ్డ పోడానికీ అదేనా?"

"అయి ఉండొచ్చు. కచ్చితంగా చెప్పలేను."

తిరుగు ఆటోలో దేవుడమ్మ కూతురి చెంప తడిమింది. వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

"నన్నూ కొట్టే," అంది.

"ఊరుకో అమ్మా. నువ్వు బెల్లమే పెట్టేవు." శాంతికుమారి తల్లి భుజం మీద తల ఆనించింది. ఇద్దరూ ఏడ్చారు. పరదేశి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఐదున్నరకు దేవుడమ్మ ఒక్క బిళ్ల, గ్లాసుడు నీళ్లు ఇచ్చింది. శాంతికుమారి మూడుసార్లు ప్రయత్నించి మింగింది. రెండో బిళ్ల మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకుంది.

సెప్టెంబరు 11న రక్తం పది గ్రాములు ఉంది. మేలో పోయిన బిడ్డ ఆడపిల్ల.